ఇజుమో తైషా: 1744లో కట్టిన ఆలయాన్ని ప్రాచీనమని ఎందుకంటారు?

జపాన్‌లోని షిమానె ప్రాంతంలో ఉన్న ఇజుమో తైషా అనే షింటో (జపాన్ దేశీయ మతం) ఆలయాన్ని చూసి వచ్చాక మీకు కలిగిన సందేహాలు మూడు. ఇప్పుడు కనిపించే ప్రధానాలయం 1744 నాటిదైతే దాన్ని దేశంలోని అతి ప్రాచీన ఆలయాల్లో ఒకటిగా ఎలా లెక్కిస్తారన్నది మొదటిది. ఒకప్పుడు అది 48 మీటర్ల ఎత్తున ఉండేదన్న మాట చరిత్రా, స్థానికుల అభిమానమా అన్నది రెండోది. అక్కడి దేవుడు మన మహాకాలుడేనని గైడ్ చెప్పింది నిజమేనా అన్నది మూడోది. జపాన్ దారు నిర్మాణాలను చాలా కాలంగా చదువుతూ, వీలైనప్పుడల్లా దగ్గర నుంచి పరిశీలిస్తూ వచ్చాను కనుక, ఏది రుజువైన విషయమో, ఏది నమ్మకమో, ఏది పండితుల ఊహో వేరు చేస్తూ సమాధానం రాస్తాను. ఈ ఆలయం విషయంలో ఆ మూడూ తరచుగా కలిసిపోతుంటాయి.

శిలాశాసనం చదివి గుడి వయసు చెప్పుకోవడం మనకు అలవాటు. రాయి నిలుస్తుంది, శాసనం నిలుస్తుంది, కాబట్టి కట్టడం వయసే ఆలయం వయసు అనుకుంటాం. చెక్కతో కట్టి, బెరడుతో కప్పిన ఆలయానికి ఆ లెక్క పనికిరాదు. వానలూ మంచూ ఎక్కువగా ఉండే జపాన్ సముద్ర తీరంలో అలాంటి కట్టడం కొన్ని దశాబ్దాలకే బలహీనపడుతుంది. అందువల్ల అక్కడ ఆలయాన్ని కాపాడడమంటే తగిన సమయానికి మళ్లీ కట్టడమో, బాగుచేయడమో అని అర్థం. ఇజుమోలో ఇప్పుడున్న ప్రధానాలయాన్ని 1744లో కట్టిన తరువాత పూర్తిగా విప్పి కొత్తది కట్టలేదు. 1809, 1881, 1953, 2013లలో పెద్ద ఎత్తున జీర్ణోద్ధరణ చేశారు, అంటే సుమారు అరవై డెబ్బై ఏళ్లకు ఒకసారి. చివరిసారి 2008 ఏప్రిల్‌లో దేవుణ్ణి తాత్కాలిక స్థానానికి తరలించి, పైకప్పు పని ముగిశాక 2013 మే 10 రాత్రి తిరిగి ప్రధానాలయంలోకి వేంచేపు చేశారు. మన ఆలయాల్లో బాలాలయం కట్టి మూలమూర్తి కళను అందులోకి మార్చే పద్ధతి తెలిసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. అదే 2013లో ఇసె అనే మరో ప్రసిద్ధ షింటో ఆలయాన్ని అరవై రెండోసారి పునర్నిర్మించడంతో చాలామంది ఈ రెంటినీ ఒకటే పద్ధతి అనుకుంటారు. ఇసెలో ఇరవై ఏళ్లకు ఒకసారి పక్క స్థలంలో మొత్తం కొత్తగా కడతారు. ఇజుమోలో ఉన్నదాన్నే నిలబెడతారు. ఈ భేదం గుర్తుంచుకోవాలి.

ఆ జీర్ణోద్ధరణలో నాకు అత్యంత విలువైనదిగా తోచిన పని పైకప్పు కొప్పు మీద జరిగింది. కప్పంతా హినోకి చెట్టు బెరడు. దాన్ని పలుచని పట్టీలుగా కోసి, వెదురు మేకులతో పొరలు పొరలుగా కొడుతూ మందంగా పేరుస్తారు. కొప్పు మీద కత్తెరలా ఆకాశం వైపు లేచి ఉండే రెండు జతల కొమ్ములనూ, అడ్డంగా పరిచిన మొద్దులనూ రాగి రేకుతో తొడుగుతారు. పాత రేకులను పరిశీలించినప్పుడు వాటిపై ఒక ప్రత్యేకమైన పూత జాడలు దొరికాయి. పైన్ బంక, ఎగోమా నూనె, సీసం, సున్నం కలిపి కాచే ఆ పూతను అక్కడివారు చాన్ అంటారు. మెయిజీ కాలపు (1868–1912) మరమ్మతు తరువాత ఎవరూ వాడకపోవడంతో ఆ పద్ధతి మరుగున పడిపోయింది. దాని పాళ్లను పరీక్షించి, తిరిగి తయారుచేసి, కొమ్ములకు నలుపు, మొద్దులకు ఆకుపచ్చ పూశారు. ఒక ఆలయం ప్రాచీనమని అనడానికి నా దృష్టిలో ఇంతకంటే మంచి ఆధారం లేదు: ఎవరికీ గుర్తులేని పనితనాన్ని కూడా వెతికి పట్టుకుని, ముందువారు చేసినట్టే చేయాలన్న పట్టుదల.

ఇక గ్రంథాల సంగతి. 712లో పూర్తయిన కోజికి, 720లో పూర్తయిన నిహోన్ షోకి, జపాన్‌లో మిగిలిన అతి పాత చారిత్రక గ్రంథాలు. ఈ రెండింటిలోనూ ఇజుమో కథ ఉంది. భూమిని చక్కదిద్ది పాలిస్తున్న ఓకునినుషి వద్దకు సూర్యదేవత అమతెరాసు దూతలను పంపి, ఆ భూమిని తన సంతతికి అప్పగించమని అడుగుతుంది. ఇనాసా తీరంలో ఆ సంప్రదింపు జరుగుతుంది. ఓకునినుషి ఒప్పుకుని, బదులుగా తన కోసం అడుగురాతి దాకా పాతిన స్తంభాలతో, ఆకాశాన్ని అందుకునే కొమ్ములతో ఒక మందిరం కట్టమంటాడు. ఓడిన పక్షానికి దేశంలోకెల్లా ఎత్తైన మందిరం కట్టించి పూజలు జరిపించడం, పుట్టుకతోనే ఈ ఆలయానికి ఉన్న ప్రత్యేకత. 733లో ఇజుమో ప్రాంతపు భౌగోళిక వృత్తాంతం, అంటే ఫుదోకి, తయారైంది. అలాంటి వృత్తాంతాలు అన్ని ప్రాంతాలకూ రాయించినా అయిదు మాత్రమే చెప్పుకోదగిన మేరకు మిగిలాయి, వాటిలో దాదాపు పూర్తిగా దొరికేది ఇజుమోదొక్కటే. ఆ రచనను పర్యవేక్షించినవాడు ఇజుమో ప్రాంతాధిపతి, ఆలయ పూజలకు పెద్ద అయిన హిరోషిమ. కాబట్టి 8వ శతాబ్దం మొదటి భాగానికే ఇక్కడ పేరుమోసిన ఆలయం, దానికి అంకితమైన వంశం ఉన్నాయన్నది సందేహం లేని విషయం.

ఆ వంశపు పెద్దనే కొకుసో అంటారు. సూర్యదేవత కుమారుడు అమెనోహోహి నుంచి తాము వచ్చామని వారి విశ్వాసం. ఆ వంశక్రమాన్ని చరిత్రగా కాక విశ్వాసంగానే తీసుకోవాలి. 14వ శతాబ్దం మధ్యలో వంశం సెంగె, కితజిమ అనే రెండు శాఖలుగా చీలింది. మెయిజీ కాలం దాకా రెండు ఇళ్లవారూ పూజావిధులను పంచుకున్నారు. ప్రస్తుతం ప్రధాన అర్చకత్వం సెంగె వారిది, ఇప్పటి పీఠాధిపతిని 84వ కొకుసోగా లెక్కిస్తారు. 2014లో ఈ కుటుంబానికి చెందిన సెంగె కునిమారోను చక్రవర్తి వంశానికి చెందిన యువరాణి నోరికో వివాహమాడినప్పుడు, పురాణంలోని రెండు పక్షాలూ మళ్లీ కలిశాయని జపాన్ పత్రికలు సంబరంగా రాశాయి. కొకుసో మారే సమయంలో జరిగే క్రతువు నన్ను ఎంతగానో కదిలిస్తుంది. కొత్త కొకుసో మత్సుఎ పట్టణ పరిధిలోని కుమనో తైషా అనే మరో ఆలయానికి వెళ్లి, అరణిని పోలిన కొయ్య పలకా కొయ్య కడ్డీలతో మథించి పుట్టించిన నిప్పుతో వండిన అన్నాన్ని దేవుడికి నివేదించి, తానూ స్వీకరిస్తాడు. అది పూర్తయ్యేదాకా అతడు కొకుసో కాడు.

ఇప్పుడు 48 మీటర్ల మాట. మీరు బలంగా అనుమానించింది దీన్నే కాబట్టి కొంత విపులంగా రాయాలి. ఆలయ సంప్రదాయంలో మూడు కొలతలు వినిపిస్తాయి: అతి ప్రాచీన కాలంలో 96 మీటర్లు, తరువాత 48 మీటర్లు, ఇప్పుడు 24 మీటర్లు. ఇప్పటి 24 మీటర్లు కొలిచి చూసిన నిజం. 96 మీటర్లకు ఏ ఆధారమూ లేదు, దాన్ని పురాణానికే వదిలేయాలి. చర్చ అంతా 48 గురించే.

దీనికి మొదటి సాక్ష్యం 970 ప్రాంతంలో మినమోతో తమెనోరి పెద్దింటి పిల్లలకు చదువు చెప్పడానికి కూర్చిన ఒక కంఠపాఠాల పుస్తకం. అందులో దేశంలోని మహాభవనాలను క్రమంలో చెప్పే ఒక సూత్రం ఉంది: ఇజుమో మొదటిది, యమతో రెండోది, క్యోటో మూడోది. యమతో అంటే నారాలోని తోదైజి మహాబుద్ధ మందిరం, క్యోటో అంటే రాజప్రాసాదంలోని కొలువు మందిరం. అప్పటి తోదైజి మందిరం సుమారు 45 మీటర్ల ఎత్తని లెక్క ఉంది కనుక, ఇజుమో దానికంటే ఎత్తుగా ఉండాలని, 48 మీటర్ల సంప్రదాయం దీనితో సరిపోతుందని వాదించారు. ఆ సూత్రంలో ఎత్తు అన్న మాట లేదని, గౌరవక్రమమూ కావచ్చని ఎదుటి పక్షం వాదన. రెండో సాక్ష్యం సెంగె వారి ఇంట భద్రంగా ఉన్న ఒక పాత నకాశా. తొమ్మిది స్తంభాలు, ఒక్కో స్తంభం మూడు మానులను కలిపి ఇనుప పట్టీతో బిగించినట్టు, ముందు సుమారు 109 మీటర్ల పొడవైన మెట్లదారి ఉన్నట్టు అందులో గీసి ఉంది. 18వ శతాబ్దపు మహాపండితుడు మోతొఒరి నొరినగ దాన్ని తన రచనలో చేర్చినప్పటి నుంచి అది అందరికీ తెలుసు. మూడు మానులను కట్టగట్టి స్తంభం చేయడమేమిటని చాలామంది దాన్ని కల్పనగా కొట్టిపారేశారు.

2000 ఏప్రిల్‌లో ఆ అభిప్రాయం తలకిందులైంది. ప్రధానాలయం ముందు, యత్సుఆషి ద్వారానికి ఇవతల, భూగర్భంలో ఒక గది కట్టడానికి ముందు జరిపిన తవ్వకాల్లో మూడు సుగి మానుల మొదళ్లు ఒకదానికొకటి ఆనుకుని, నిలబెట్టినవి నిలబెట్టినట్టే బయటపడ్డాయి. ఒక్కో మాను అడ్డుకొలత సుమారు 1.35 మీటర్లు, మూడూ కలిస్తే దాదాపు 3 మీటర్లు. తరువాతి నెలల్లో మధ్యస్తంభమూ, ఆగ్నేయ భాగపు స్తంభమూ అదే తీరులో దొరికాయి. భూగర్భజలం ఎప్పుడూ ఊరుతుండే చోటు కావడం వల్లనే ఆ కర్ర కుళ్లకుండా మిగిలింది. మానుల చుట్టూ గోతిలో పిడికిలంత నుంచి తలంత దాకా రాళ్లను దట్టించారు. కర్ర మీద ఎర్ర రంగు జాడలు ఉన్నాయి. మధ్యస్తంభం కింద పరిచిన పలక వలయాలను లెక్కించగా అది 1227 ప్రాంతంలో నరికిన చెట్టని తేలింది. దస్తావేజుల్లో ఉన్న 1248 నాటి పునర్నిర్మాణంతో ఇది సరిగ్గా కుదురుతుంది. అంటే నకాశా కల్పన కాదు, స్తంభాలను నిజంగానే అలా కట్టారు.

అయితే ఈ స్తంభాలు ఎత్తును రుజువు చేయవు. 13వ శతాబ్దంలో ఇక్కడ అసాధారణమైన లావు గల స్తంభాలతో ఆలయం ఉండేదని చెబుతాయి, అంతవరకే. 48 మీటర్ల కట్టడం సాధ్యమేనని ఈ తవ్వకాలకు చాలా ముందే వాస్తు చరిత్రకారుడు ఫుకుయామ తొషియో చిత్రంతో సహా చూపించాడు; అంత ఎత్తు అవసరం లేదని, దానిలో సగం చాలునని లెక్క కట్టినవారూ ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే, ఇప్పటి 24 మీటర్ల కంటే చెప్పుకోదగినంత ఎత్తుగా ఉండేదని నమ్ముతాను. అందుకు కారణం స్తంభాల కంటే ఎక్కువగా ఆలయం పడిపోయిన వృత్తాంతాలు. 1031లో గాలి లేకుండానే ఆలయం కూలిందని రాతలు ఉన్నాయి. ఆ తరువాత రెండు శతాబ్దాల్లో మళ్లీ మళ్లీ కూలింది. మామూలు ఎత్తు గల దృఢమైన మందిరం అన్నిసార్లు కూలదు. కూలిన ప్రతిసారీ మళ్లీ అంతే పెద్దగా కట్టాలని పట్టుబట్టారు, 1110లో సముద్రం ఇనాసా తీరానికి కొట్టుకొచ్చిన మహావృక్షాల మానులను దైవదత్తమని భావించి ఆలయానికి వాడారు. 1248 తరువాత మాత్రం అంతటి కట్టడానికి ధనమూ మానులూ సమకూరక, చాలా కాలం చిన్న మందిరాలతో సరిపెట్టుకున్నారు.

ఇక నేల చెప్పిన కథ ఇంకా వెనక్కి వెళుతుంది. ఒకప్పుడు ఇజుమో పురాణ ప్రాధాన్యమంతా యమతో (నారా ప్రాంతం) రాజసభ అల్లిన కథేనని, ఆ మారుమూల తీరంలో అంత బలమైన సమాజం ఉండే అవకాశం లేదని చాలామంది పండితులు భావించేవారు. 1984లో ఆలయానికి తూర్పున కోజిందాని అనే చిన్న లోయలో ఒకే గోతిలో వరుసగా పేర్చిన 358 కంచు కత్తులు దొరికాయి. అప్పటిదాకా జపాన్ మొత్తంలో దొరికినవాటి కంటే ఆ ఒక్క గోతిలోవే ఎక్కువ. 1996లో అక్కడికి సమీపంలోనే కమో ఇవకురలో 39 కంచు గంటలు బయటపడ్డాయి. ఇవి సుమారు రెండు వేల ఏళ్ల నాటి యయోయి కాలానివి. ఇవి ఓకునినుషి కథను నిజం చేయవు గాని, కథకు వెనక నిజంగా ఒక బలమైన ప్రాంతం ఉండేదని చూపిస్తాయి. ఆలయానికి ఆనుకునే మరో ఆధారం ఉంది. తూర్పున ఇనోచినుషి అనే చిన్న గుడి వెనక, 1665లో ఆలయ నిర్మాణానికి రాయి తీస్తుండగా ఒక పెద్ద బండ కింద పచ్చని జేడ్ పూసా, కంచు ఆయుధమూ దొరికాయి. జేడ్ దూరాన ఉన్న నీగత ప్రాంతపు రాయి, కంచు ఆయుధం ఉత్తర క్యూషూ పనితనం. అంటే ఆలయం కట్టకముందే ఆ కొండపాదం పవిత్రస్థలమని, అక్కడికి చాలా దూరాల నుంచి విలువైన వస్తువులు వచ్చి చేరేవని అర్థం. చాలామంది యాత్రికులు అటు వెళ్లనే వెళ్లరు, అది నాకు బాధ కలిగిస్తుంది.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక అవసరం. ఎడతెగని పరంపర అన్నంత మాత్రాన ఏదీ మారలేదని కాదు. మధ్యయుగంలో ఇజుమో తైషా బౌద్ధంతో కలిసిపోయి ఉండేది. 16వ శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని ఏలిన అమగో త్సునెహిస ఆలయ ప్రాంగణంలోనే మూడంతస్తుల బౌద్ధ గోపురం కట్టించాడు. 1667లో ముగిసిన పునర్నిర్మాణంలో బౌద్ధ కట్టడాలనన్నిటినీ తొలగించారు. మెయిజీ ప్రభుత్వం దేశమంతటా ఆ పని చేయించడానికి ఇది రెండు వందల ఏళ్లు ముందు. ఆ గోపురాన్ని ధ్వంసం చేయలేదు. ప్రధానాలయానికి కావలసిన మహావృక్షాలను ఇచ్చిన తజిమ ప్రాంతపు మ్యోకెన్ కొండకు ప్రతిఫలంగా పంపారు. అది ఇప్పటికీ హ్యోగోలోని నగుస ఆలయంలో నిలిచి ఉంది. ఇంకో విశేషం మీరు దాటి వచ్చిన కంచు తోరణం మీదే ఉంది. 1666లో మోరి త్సునహిరో సమర్పించిన ఆ తోరణంపై చెక్కిన శాసనం, ఈ మహాలయపు దేవుడు సూర్యదేవత తమ్ముడైన సుసానోఓ అని చెబుతుంది. మధ్యయుగంలో చాలా కాలం ఇక్కడి దేవుణ్ణి సుసానోఓగానే భావించారు, ఓకునినుషి మళ్లీ ప్రధానమైంది ఆ పునర్నిర్మాణ కాలంలోనే. ఓకునినుషి గుడి వాకిట్లో వేరొక దేవుడి పేరుతో శాసనాన్ని చెరపకుండా ఉంచుకోవడం ఆ ఆలయం నిజాయితీకి గుర్తుగా నేను భావిస్తాను. ఇప్పటి పేరు కూడా 1871లో పెట్టినదే, అంతకుముందు దాన్ని కిజుకి తైషా అనేవారు.

కట్టడం గురించి మీరు లోపల చూడలేని రెండు సంగతులు చెప్పాలి. తొమ్మిది స్తంభాల చదరపు గదిలో మధ్యస్తంభం నుంచి ఒక పక్కకు అడ్డుగోడ ఉంటుంది, దాని వెనక దేవుడు కూర్చుంటాడు. ఆలయం దక్షిణాభిముఖమే అయినా దేవుడు పడమటి వైపు తిరిగి ఉంటాడు. అందుకే ప్రాకారం పడమటి పక్కన ప్రత్యేకంగా ఒక ప్రార్థనా స్థలం ఉంది, తెలిసినవారు అక్కడికి వెళ్లి మళ్లీ నమస్కరిస్తారు. పైకప్పు లోపలి చిత్రాన్ని ఎనిమిది మేఘాల చిత్రమంటారు గాని అందులో ఉన్నవి ఏడే. దీనికి చెప్పే కారణాలు చాలా ఉన్నాయి, ఏదీ రుజువైనది కాదు. ఈ శైలిలో మిగిలిన అతి పాత కట్టడం కావాలంటే మత్సుఎలోని కమోసు ఆలయాన్ని చూడండి, అది 1583 నాటిది.

చాంద్రమానం పదో నెలను జపాన్ అంతటా దేవుళ్లు లేని నెల అంటారు, ఇజుమోలో మాత్రం దేవుళ్లున్న నెల. ఆ నెల పదో రోజు సాయంత్రం ఇనాసా తీరంలో మంటలు వేసి, సముద్రం మీదుగా వచ్చే దేవతలను అర్చకులు ఆహ్వానిస్తారు. ఆ కాలంలో ఒడ్డుకు కొట్టుకొచ్చే సముద్రపు పాము దేవతలకు దారి చూపే దూత. వచ్చిన దేవతలు ప్రధానాలయానికి తూర్పు పడమరల్లో ఉన్న పొడవైన వసతుల్లో బస చేసి, మనుషుల మధ్య కలిసే బంధాలను నిర్ణయిస్తారని నమ్మకం. వివాహం కోరి వచ్చే యువతీయువకుల రద్దీకి కారణం ఇదే.

ఇక మహాకాలుడి సంగతి. గైడ్ మాటలో నిజం ఉంది, అయితే అది సగమే. మహాకాలుడు అనగానే మనకు ఉజ్జయిని జ్యోతిర్లింగం గుర్తుకొస్తుంది, జపాన్ చేరిన మహాకాలుడు మాత్రం బౌద్ధ విహారాల రక్షకుడు. 7వ శతాబ్దం చివర భారతదేశంలో ఉండి చదువుకున్న చైనా బౌద్ధ భిక్షువు ఇత్సింగ్, పెద్ద విహారాల వంటశాలల దగ్గర చేతిలో సంచితో కూర్చున్న కొయ్య బొమ్మ ఉండేదని, రోజూ నూనె పూయడం వల్ల అది నల్లబడి ఉండేదని, దాన్ని మహాకాలుడనేవారని రాశాడు. ఆ వంటశాల దేవుడే చైనా మీదుగా జపాన్ చేరి దైకొకు అయ్యాడు, క్యోటో దగ్గరి హియెయ్ కొండ విహారాల్లో ఆహారానికి అధిపతిగా పూజలందుకున్నాడు. ఓకునినుషి పేరులోని అక్షరాలనూ దైకొకు అని చదవవచ్చు. కోజికిలోని ఒక కుందేలు కథలో ఓకునినుషి అన్నల సామాన్ల సంచిని భుజాన మోసుకుపోతాడు, దైకొకు భుజానా సంచి ఉంటుంది. ఈ పోలికల వల్ల ప్రజల మనసులో ఇద్దరూ ఒక్కటయ్యారు, మధ్యయుగం నుంచి నవ్వుముఖంతో, సుత్తితో, ధాన్యపు బస్తాల మీద నిలబడే రూపం ఇద్దరికీ వర్తించింది. మూలంలో మాత్రం ఓకునినుషి భారతదేశంతో ఏ సంబంధమూ లేని స్థానిక దేవుడు. కాబట్టి ఇజుమోలో పూజలందుకునేది మహాకాలుడని అనకూడదు. మహాకాలుడి జపాన్ రూపం ఓకునినుషిలో వచ్చి కలిసిందని అనవచ్చు.

మళ్లీ వెళ్లే అవకాశం ఉంటే ఆలయానికి తూర్పున, నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న పురాతన ఇజుమో చరిత్ర మ్యూజియానికి ఒక పూట కేటాయించండి. 2000లో దొరికిన మూడు మానుల కట్టను అక్కడ చూడవచ్చు. కర్ర మీద బాడిసె దెబ్బలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. 48 మీటర్ల ఆలయానికి పదో వంతు నమూనా ఒకటి, దాని పక్కనే 13వ శతాబ్దపు ఆలయం ఇలా ఉండేదేమోనని అయిదుగురు నిపుణులు వేర్వేరుగా ఊహించి చేయించిన అయిదు చిన్న నమూనాలు ఉన్నాయి. ఆ అయిదింటిలో ఎత్తులు వేరు, మెట్ల తీరు వేరు. వాటి ముందు నిలబడి పోల్చి చూస్తే, ఆ మూడు కొయ్యల నుంచి ఎంతవరకు చెప్పవచ్చో, ఎక్కడి నుంచి ఊహ మొదలవుతుందో మీకే స్పష్టమవుతుంది.